పరాయి నోటి మొక్కు

రెంటచింతల
14 ఆగస్టు 1964

ఒరేయ్ ఖాజా,

మొన్న ఆదివారం పూజలో ఫాదరు గారు ఒక కబురు చెప్పారు. విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. గోవాలో అర్చ్యశిష్ట శౌరివారి శరీరాన్ని నవంబరు నెలాఖరున బయటికి తీసి జనానికి చూపిస్తారట. నాలుగు వందల ఏళ్ళ కిందట కన్నుమూసిన మా పునీతుడు, మహానుభావుడు. కిందటిసారి తీసినప్పుడు ఆ ఊరు పోర్చుగీసు వాళ్ళ చేతిలో ఉంది, ఆ తర్వాత దారులే మూసేశారు. ఇప్పుడు ఊరు మనదైంది. మళ్ళీ ఎప్పుడు తీస్తారో, అప్పటికి నేనుంటానో ఉండనో.

నువ్వు నాతో రావాలి.

నాకు తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. గుంతకల్లు దాటితే మూగవాణ్ణి. నీకు ఉర్దూ ఉంది, నోరుంది. మీ నరసరావుపేట స్టేషన్లో ఎక్కితే హుబ్లీ మీదుగా గోవా పోవచ్చని ఫాదరు గారు చెప్పారు. ఇదంతా సాకేనని నువ్వు కనిపెట్టేస్తావు, నాకు తెలుసు. అసలు సంగతి వేరు. నాకొక పాత మొక్కు ఉంది. నువ్వు లేకుండా అది తీరదు. తీర్చని మొక్కు పెద్దవాళ్ళని వదిలి పిల్లల మీద పడుద్దని మా అమ్మ అనేది. అంతకంటే ఇప్పుడు అడక్కు.

కృపమ్మ పక్కనే కూర్చుని జొన్నలు చెరుగుతూ ఒకటే సణుగుడు. "మా ఖాజా అన్న క్రిస్మస్ బట్టలు వదులుకోని నీ యెంట తిరునాళ్ళకొస్తాడా? నీకేమన్నా మతుందా?" అంటోంది. అది అట్లాగే అంటుంది. నువ్వు మాత్రం వస్తున్నానని రాయి.

నీ
ఆరోగ్యం


నరసరావుపేట
25 ఆగస్టు 1964

ఆరోగ్యానికి,

నీ ఉత్తరం చదివి నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను. నీ పెళ్ళాం, నా చెల్లెల్లాంటి కృపమ్మ అన్నదే నిజం. మా నాయన ఉన్నప్పటి నుంచి డిసెంబరు వచ్చిందంటే కుట్టుమిషను బండి మీద వేసుకుని మీ అరుగు మీదికి చేరడం, పండగ ముందురోజు దాకా మీ పేటంతటికీ కొత్తబట్టలు కుట్టడం. ఆ నెల సంపాదనతోనే నా ఇంట్లో వేసవి దాకా పొయ్యి వెలుగుతుంది. గోవా పోయి వచ్చేసరికి పది రోజులు పోతాయి. చొక్కాలు మీ శౌరివారు వచ్చి కుడతాడా?

ఇక్కడ ఇంకో గొడవ. వానలు పడ్డప్పటి నుంచి మా పిల్ల ఖాతూన్‌కి జ్వరం వచ్చిపోతూ ఉంది. మలేరియా అని డాక్టరు గోళీలిచ్చాడు. ఈ ఏడు దానికి ఎస్సెసెల్సీ. జ్వరంలోనే పుస్తకం పట్టుకు కూర్చుంటుంది. వాళ్ళమ్మ అబిదాకి జ్వరమన్న మాట వింటేనే పాత భయం. మీ ఊరికి ఈస్టరు బట్టలు కుట్టడానికి పిల్లా జెల్లాతో వచ్చి, అప్పటికి ఆరేళ్ళ ఈ పిల్లని టైఫాయిడ్‌తో చేతుల్లో పెట్టుకుని ఏడ్చిన రోజు అది మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు. మిషనరీ సిస్టర్ల ఆసుపత్రికి పోతూ దారిలో నీ ఎద్దు ఒకటి కుంటితే, ఆ పక్క కాడి నువ్వే భుజాన వేసుకుని మిట్టమధ్యాహ్నం మీ ఊరి ఎండలో బండి లాగావు. నీ అరికాళ్ళు బొబ్బలెక్కి నెల రోజులు నేల మీద ఆనలేదు.

అందుకే నీకు రానని రాయడానికి చెయ్యి ఆడటం లేదు. వస్తానని రాయడానికీ ఆడటం లేదు. ఆ మొక్కేమిటో చెప్పు, ఆలోచిస్తాను.

ఇంకోటి. మాచర్లలో లారీల షెడ్డు సర్దార్ తెలుసుగా, డ్యాం పనుల పుణ్యమా అని నాలుగు రాళ్ళు వెనకేశాడు. వాళ్ళ పెద్దాడికి ఖాతూన్‌ని అడుగుతున్నాడు. చూడాలి.

ఖాజా మొహిద్దీన్


రెంటచింతల
2 సెప్టెంబరు 1964

ఖాజా,

జ్వరమన్న ముక్క చదివాక అన్నం సయించలేదు. ఇక దాచి లాభం లేదు. ఆ మొక్కు నీ బిడ్డదేరా.

ఆ రోజు నువ్వూ అబిదమ్మా లోపల మంచం దగ్గర ఉన్నారు. నేను ఆసుపత్రి వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చున్నా. గోడ మీద శౌరివారి పటం ఉంది, చేతిలో సిలువ పట్టుకుని పడవ మీద నిలబడ్డ పటం. దూరాలన్నీ తిరిగి రోగులకి సేవ చేసినాయన. లోపలి నుంచి సిస్టరమ్మ వచ్చి తల అడ్డంగా ఊపింది. అప్పుడు మొక్కుకున్నా. పిల్ల తెల్లారి కళ్ళు తెరిచింది. నీకు చెబుదామనుకుంటూనే తొమ్మిదేళ్ళు గడిచాయి. గోవా దారి మూసి ఉన్నన్నాళ్ళూ నాకు భయం లేదు, తీర్చలేనిది తీర్చలేదని ఆయనే ఓర్చుకుంటాడనుకున్నా. దారి తెరిచి, ఆయన్ని బయటికి తీసే ఏడే పిల్లకి జ్వరమొచ్చింది. నీకు ఇది కాకతాళీయం కావచ్చు. నాకు కాదు.

బట్టల సంగతి నేను చూసుకుంటా. ఈసారి తలా ఒక జత చాలని పేటలో చెబుతా, మనం తిరిగొచ్చాక కుట్టుకోవచ్చు. పిల్లకి గోళీలు మానొద్దని చెప్పు. మొక్కు మొక్కే, గోళీ గోళీయే.

ఆరోగ్యం


నరసరావుపేట
20 సెప్టెంబరు 1964

నా దోస్తు ఆరోగ్యానికి,

నీ ఉత్తరం అబిదాకి చదివి వినిపించా. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "కన్నతండ్రివి, నీకే తోచలేదు, ఆయనకి తోచింది చూడు" అంది. నిజమే. ఆ రోజు నాకు దువా కూడా నోటికి రాలేదు. నువ్వు నా బిడ్డ కోసం మొక్కుకుని తొమ్మిదేళ్ళు కడుపులో దాచుకున్నావా? నువ్వేం మనిషివిరా.

వస్తాను. మసీదు దగ్గర ఇద్దరు పెద్దలు, "క్రైస్తవుల తిరునాళ్ళకాడ నీకేం పని ఖాజా?" అని అడిగారు. దోస్తుకి దారి చూపించే పని అన్నా. 

రైల్లో, బస్సుల్లో, పోలీసోళ్ళ దగ్గర మాట్లాడే పూచీ నాది. లోపలిదాకా నీతో వస్తా. నువ్వు మొక్కు తీర్చుకుంటుంటే పక్కన నిలబడి నీ సంచీ, చెప్పులు పట్టుకుంటా. నా తల మాత్రం ఒక్కడి ముందే వంగుతుంది, నీకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. ఖాతూన్‌కి జ్వరం తెరిపిచ్చింది. నీకు సలాం చెప్పమంది.

ఖాజా


రెంటచింతల
5 నవంబరు 1964

ఖాజా,

నెలాఖరుకి నేను బస్సులో నీ దగ్గరికొస్తా. కృపమ్మ జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి, వేయించిన శనగలు కడుతోంది. ఆ ఊళ్ళో అన్నీ చేపలేనట, మనకి దారిలోనే సగం అయిపోతాయి. దుప్పటి ఒకటి తెచ్చుకో.

నీ ఉత్తరంలో చివరి మాటలు మళ్ళీ మళ్ళీ చదివా. వాటికి జవాబు కాగితం మీద రాసేది కాదు. సంచీ సంగతి అక్కడికెళ్ళాక చూసుకుందాం.

ఆరోగ్యం


నరసరావుపేట
12 డిసెంబరు 1964

శ్రీ ఆరోగ్యస్వామి గారికి ఖాజా మొహిద్దీన్ వ్రాయునది.

మీరు ఇల్లు చేరారని బస్సు కండక్టరు చెప్పాడు. హుబ్లీ నుంచి ఇక్కడ దిగేదాకా మీరు బల్లకి ఆ చివర, నేను ఈ చివర. మన మధ్య బల్ల మీద ఆ గోంగూర డబ్బా మూత తియ్యకుండా అట్లాగే ఊగుతూ వచ్చింది. ఇంట్లో అబిదా, "ఏం జరిగింది? మొక్కు తీరిందా?" అని అడుగుతోంది. ఆ జవాబు ముందు మీకే చెప్పాలి. అందుకే కాగితం తీశాను.

ఆ ఊరు చూపించినందుకు మీకు కృతజ్ఞుణ్ణి. అది మాత్రం అబద్ధం కాదు. కొండల్లోంచి పాలలా దూకే ఆ జలపాతం పక్కగా రైలు పోతుంటే మీరు చిన్నపిల్లాడిలా కిటికీ వదల్లేదు. పాత గోవాలో ఎర్రమట్టి దారి, కొబ్బరి చెట్లు, వాటి మధ్య కొండల్లాంటి గుళ్ళు. ఇళ్ళు మాత్రం లేవు. ఒకప్పుడు అది రాజధాని అనీ, తెగుళ్ళు సోకి జనం వదిలిపోయారనీ, గుళ్ళు మిగిలాయనీ కొవ్వొత్తులమ్మే ముసలాయన ఉర్దూలో చెబితే మీకు తెలుగు చేసి చెప్పా. "మడుసులే లేని ఊళ్ళో దేవుడికి ఇన్ని మేడలెందుకురా?" అన్నారు మీరు. ఇద్దరం నవ్వుకున్నాం. పండగ సంత అంతా తిరిగాం. గౌన్లు వేసుకున్న ముసలమ్మలు, సూట్లు తొడిగిన రైతులు, బ్యాండు మేళం, గాజుల కొట్లు. అల్లం వాసనేసే మిఠాయిని అక్కడ ఖాజే అంటారని తెలిసి, "మావోడి పేరుతో మిఠాయి" అని భాష రాని వాళ్ళకి కూడా వేలు చూపించి చెప్పారు. ఖాతూన్‌కి పొట్లం కట్టించారు.

పొద్దున్నుంచి వరసలో నిలబడ్డాం. నది గాలి వస్తోంది, నా చెయ్యి మీరు వదల్లేదు. లోపల చల్లగా ఉంది. బంగారపు గోడలాంటి పీఠం, దాని ముందు అద్దాల పెట్టె. అందులో ఎండిపోయిన చిన్న మనిషి. నాకు భయం వెయ్యలేదు. ఇంత చిన్న మనిషి అంత దూరం ఎట్లా తిరిగాడా అనిపించింది. మనసులో సలాం కూడా చెప్పుకున్నా.

అప్పుడు మీరు నా మెడ మీద చెయ్యి వేసి కిందికి నొక్కారు.

"వంగరా ఖాజా. ముద్దు పెట్టు. పిల్ల బతికితే దీని తండ్రిని తీసుకొచ్చి ఆయన పాదాలకాడ తల వంచి ముద్దు పెట్టిస్తానని మొక్కా. నీ నోటితో మొక్కా. తొందరగా కానీ, ఎనక జనం తోస్తన్నారు."

జనం తోస్తున్నారు. పోలీసు అరుస్తున్నాడు. మీ చెయ్యి నా మెడ మీద ఉంది. నేను విదిలించుకుని వరసకి అడ్డం కట్టిన తాడు కింద నుంచి దూరి బయటపడ్డా.

నా తల నీదనుకున్నావా? నా నోరు నీ పొలమా, నీ ఇష్టమొచ్చింది విత్తడానికి? నీ ఎకరం మొక్కుకో, నీ ఎద్దుని మొక్కుకో, నీ జుట్టు మొక్కుకో, ఎవరు కాదన్నారు? తల వంచనని ముందే ఉత్తరంలో రాశాను. చదివి కూడా నన్ను అంత దూరం తీసుకెళ్ళావు. నేను నీకు దారి చూపించడానికి వచ్చాననుకున్నా. కానుకగా వచ్చానని తెలీదు.

ఈ ఏడు డిసెంబరుకి మీ అరుగు మీదికి నేను రావడం లేదు. గుడ్డలు ఇంకెవరికైనా ఇచ్చుకోవలసింది.

ఖాజా మొహిద్దీన్


రెంటచింతల
28 డిసెంబరు 1964

ఖాజాకి,

"గారు" అంట, "వ్రాయునది" అంట. కోర్టు సమను అందుకున్నట్టుంది. సగం దాకా మీరు మీరు అని, కోపం వచ్చేసరికి నువ్వులోకి దిగావు. నాకు ఆ సగమే నచ్చింది.

పండగ అయింది. అయిందంటే అయింది. గురజాల నుంచి వచ్చిన దర్జీ చొక్కాలన్నిటికీ ఒకటే కొలత వేశాడు. పేటలో మా జక్కయ్య చెయ్యి ఎత్తితే బొడ్డు కనబడుతోంది. అరుగు మీద మిషను చప్పుడు లేకుండా నాకు ఊహ తెలిశాక ఇదే మొదటి క్రిస్మస్. కృపమ్మ రోజూ పొద్దున అరుగు కడిగి, చాప పరిచి, సాయంత్రం చుట్టి లోపల పెట్టింది.  నన్ను తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నా మాట విను. బిడ్డ కోసం మొక్కితే ఆ మొక్కు తల్లి తీర్చాలి, లేకపోతే తండ్రి తీర్చాలి. మాలో అంతే, ఎవరిని అడిగినా చెబుతారు. మేనమామ మొక్కినా, మేనత్త మొక్కినా చివరికి కన్నవాళ్ళే వచ్చి తీర్చాలి. ఆ వరండాలో ముందు నా పేరే ఎత్తబోయా. నేను గుండు చేయించుకుంటా, నేను మోకాళ్ళ మీద వస్తా అని. అనబోయి ఆగిపోయా. ఆ పిల్లకి నేనేమవుతా? మాకు పిల్లలు లేరు. నా మొక్కు ఎవరి లెక్కలో చేరుద్ది? చెల్లని మొక్కు మొక్కి పిల్లని పోగొట్టుకోమంటావా? అందుకని నిన్ను మొక్కా.

నీ ఉత్తరం చదివా, నిజమే. ముందే చెబితే నువ్వు రావని చెప్పలేదు. అక్కడికెళ్ళి ఆయన్ని చూస్తే నువ్వే కరుగుతావనుకున్నా. దర్గాకి పోయి సమాధి మీద కప్పే చాదరు పట్టుకుని నిలబడతావుగా, అక్కడ లేని అడ్డు ఇక్కడెందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఫాదరు గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో చెప్పా. ఆయన నన్ను కడిగేశారు. "అడక్కుండా పరాయివాడి నోటితో మొక్కిన మొక్కు మొక్కే కాదు, స్వామీ. ఇంక దాని సంగతి మరిచిపో" అన్నారు. తేలిక పడాలిగా? పడలేదు. మరి పిల్ల ఎట్లా బతికింది? ఎవరు బాకీ?

ఖాతూన్ ఎట్లా ఉందో ఒక్క ముక్క రాయి. తిట్టినా ఫరవాలేదు, రాయి.

ఆరోగ్యం


నరసరావుపేట
20 జనవరి 1965

ఆరోగ్యస్వామికి,

రంజాన్ నెల. ఉపవాసంలో ఉన్నా కాబట్టి నోటికొచ్చినట్టు తిట్టడం లేదు. ఈదు బట్టలు నెత్తి మీదున్నాయి. అయినా రాస్తున్నా.

ఖాతూన్ బాగుంది. జ్వరం తగ్గి చాలా రోజులైంది. నీ మొక్కు తీరకపోయినా బాగుంది. ఇకనైనా నిద్రపో.

దర్గా సంగతి ఎత్తావు. దర్గాకి నా కాళ్ళతో నేను పోతా, నా చేతులతో నేను చాదరు పడతా. రేపు వద్దనుకుంటే మానేస్తా. ఎవరూ నా మెడ మీద చెయ్యి వెయ్యరు. నీకు ఈ తేడా తెలియదంటే నేను నమ్మను. మనిషిని అడిగి కాదనిపించుకోవడం ఒకటి. అడక్కుండా తెచ్చి, పెట్టె ముందు నిలబెట్టి, వెనక వందమంది తోస్తుంటే వంగమనడం ఒకటి. అది అడగడం కాదు.

నువ్వు ఆ పిల్లకి ఏమీ కావని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర మాత్రం చాలాసేపు ఆగా. 

ఇంటి కబురు ఒకటి. సర్దార్‌కి మాటిచ్చేశా. మే నెలలో నికాహ్. కుర్రాడు మంచి మెకానిక్, తాగుడు లేదు, సొంత షెడ్డు. ఖాతూనేమో ఎస్సెసెల్సీ అయ్యాక గుంటూరు పోయి నర్సు ట్రైనింగు చదువుతానని వాళ్ళమ్మ దగ్గర గొణుగుతోందట. పిల్లదానికేం తెలుసు. నలుగురి ముందు జబాన్ ఇచ్చా, ఇక అయిపోయినట్టే. నువ్వు పెళ్ళికి రావాలో వద్దో నువ్వే తేల్చుకో.

ఖాజా మొహిద్దీన్

[మడత మీద, వేరే దస్తూరీలో]

స్వామి పెదనాన్నకి ఖాతూన్ సలాములు. నాన్న ఉత్తరం మడిచి, అంటించి పోస్టులో వెయ్యమని నాకిచ్చాడు. అంటించబోతే ఈ ఖాళీ కనిపించింది. చదవకూడదని తెలుసు, చదివాను.

మీరు నాన్నని అడక్కుండా మొక్కుకున్నారని నాన్నకి కోపం. ఆ కోపం న్యాయమేననిపించింది నాకు. కానీ మీరు మొక్కింది నా గురించి, నాన్న మాటిచ్చింది నా గురించి. నన్ను ఇద్దరూ అడగలేదు. నేను ఎవరి మీద అలగాలి పెదనాన్నా?

మీరు పంపిన ఖాజేలు బాగున్నాయి. అల్లం ఎక్కువైంది.


రెంటచింతల
8 ఫిబ్రవరి 1965

ఒరేయ్ ఖాజా,

ఈదు ముబారక్, ఆలస్యంగా. నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. మిరప కోతలని కృపమ్మకి చెప్పా గానీ కోతలు కాదు, రాయడానికి భయం. ఈ ఉత్తరంతో నువ్వు నా మొహం చూడకపోవచ్చు.

ముందు నా సంగతి. నేను చేసింది తప్పు. దానికి మా ఆచారం అడ్డం పెట్టుకున్నా, నీ బిడ్డ మీద ప్రేమని అడ్డం పెట్టుకున్నా. ప్రేమ ఉంటే మెడ మీద చెయ్యి వెయ్యొచ్చనుకున్నా. వెయ్యకూడదు. నువ్వు తాడు కింద నుంచి దూరిపోయినప్పుడు నీ టోపీ ఊడి పడింది, గుర్తుందా? నేను వంగి తీశా. ఆ పెట్టె ముందు వంగింది నేనొక్కణ్ణే, అదీ నీ టోపీ కోసం. అది నా దగ్గరే ఉంది. రైల్లో ఇద్దామనుకుని నీ మొహం చూసి సంచీలో పెట్టుకున్నా.

ఇక నీ సంగతి. సర్దార్‌కి మాటిచ్చానన్నావు. ఆ మాట ఎవరిదిరా? మాచర్లలో కాపరం చేసేది నువ్వా? మీ నికాహ్‌లో పిల్లని అడుగుతారనీ, తను కబూల్ అంటేనే పెళ్ళనీ నీ సొంత చెల్లెలి పెళ్ళిలో నువ్వే నాకు గొప్పగా చెప్పావు. "మీలాగా కాదు, మాలో ఆడపిల్ల నోటి మాటకి ఇలువుంది" అన్నావు. బాగుంది. మరి పందిరేసి, చుట్టాలు కూర్చుని, బిర్యానీ దింపాక ఆ పిల్ల దగ్గరికి పోయి అడిగితే ఏమంటుంది? వెనక వందమంది తోస్తుంటే అడగడం అడగడం కాదని రాసింది నువ్వే. నీ మాట నీకే రాస్తున్నా.

నా చెయ్యి నీ మెడ మీద కాసేపు ఉంటే నీకు అంత మండింది. ఆ పిల్ల మెడ మీద నీ చెయ్యి ఎన్నాళ్ళుండాలి?

నాది నోటి దురుసు. అయినా రాసింది కొట్టెయ్యను. ఆ పిల్లకి నేనేమీ కానని కిందటి ఉత్తరంలో రాశా. ఏమీ కానివాడికి ఈ ముక్క రాసే హక్కు లేదు. కాబట్టి ఏదో ఒకటి అవుతాననే అనుకుంటున్నా.

ఆరోగ్యం


నరసరావుపేట
2 ఏప్రిల్ 1965

ఆరోగ్యం,

నీ ఉత్తరం చించేశా. చించాక ముక్కలు ఏరి, మిషను బల్ల మీద పెట్టి కలిపి మళ్ళీ చదివా. నా చేతిపని అదేగా, ముక్కలు కలపడం.

నెల రోజులు నీ మీద పళ్ళు నూరుకుంటూ తిరిగా. నా ఇంటి విషయం నీకెందుకని. ఎన్నిసార్లు అనుకున్నా, నోటి దాకా వచ్చేసరికి అది నేను నిన్ను తిట్టిన తిట్టులాగే వినిపించేది.

ఖాతూన్ కొట్లో కూర్చుని రవికెలకి హెమ్మింగు చేస్తోంది. పరీక్షలు అయ్యేదాకా ఆగుదామనుకున్నా గానీ ఆగలేకపోయా. "మాచర్ల సంబంధం నీకు ఇష్టమేనా అమ్మా?" అని అడిగా. ఇంత ప్రశ్న, అడగడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. అది తల ఎత్తలేదు. సూది ఆపింది. "ఇప్పుడా నాన్నా అడిగేది, మాటిచ్చినాక?" అంది. మాటివ్వలేదనుకో అన్నా. "అయితే నేను గుంటూరు పోతా. నర్సు ట్రైనింగు చేస్తా. ఆ ఆసుపత్రిలో సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకున్నది నాకింకా గుర్తుంది. పెళ్ళి మాట అప్పుడడుగు, చెప్తా" అంది. మళ్ళీ హెమ్మింగు మొదలుపెట్టింది. కుట్టు మాత్రం ఒక్కటి వంకర పోలేదు.

నువ్వు అంత సూటిగా ఎట్లా రాశావా అని నాకు అనుమానంగానే ఉంది. ఉత్తరం మడత మీద రాసిన సంగతి అదే ఒప్పుకుంది. నువ్వు దాని పేరు ఎత్తకుండా దాచావు. తొమ్మిదేళ్ళు మొక్కు దాచినవాడివి, నీకదొక లెక్కా.

మొన్న శుక్రవారం నమాజు అయ్యాక మాచర్ల పోయా. సర్దార్ వరండాలో నలుగురు పెద్దమనుషులున్నారు, జబాన్ ఇచ్చిన రోజు ఉన్నవాళ్ళే. పిల్ల చదువుకుంటానంటోంది, నా మాట వెనక్కి తీసుకుంటున్నా, మాఫ్ చెయ్యమన్నా. సర్దార్ లేచి నిలబడ్డాడు. "దర్జీ నాలుక కత్తెరనుకుంటివా, ఎటుబడితే అటు కొయ్యడానికి? మొగోడివేనా నువ్వు?" అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. ఆయన తప్పులేదు. నలుగురిలో ఆయన పరువు తీసింది నేనే.  తల వంచుకుని నిలబడ్డా. నమాజులో తప్ప నా తల అంత కిందికి ఎప్పుడూ వంగలేదురా. కళ్ళ ముందు సర్దార్ పాదాలు తప్ప ఏమీ కనిపించలేదు.

అప్పుడు నాకు నీ మొక్కు గుర్తొచ్చింది. పిల్ల కోసం దీని తండ్రి తల వంచుతానని మొక్కావు. వంగింది. నువ్వు నొక్కితే వంగలేదు, నేనే వంచా. గోవాలో కాదు, మాచర్లలో. ముద్దయితే పెట్టలేదనుకో. సరిపోతుందో లేదో మీ శౌరివారిని అడిగి రాయి. నాకైతే బాకీ తీరినట్టే ఉంది.

తిరిగొచ్చే బస్సు మీ ఊళ్ళో ఆగింది. కిటికీలోంచి చూశా. దిగలేదు. దిగితే నడిబజారులో ఏడ్చేవాణ్ణి, నీకు జన్మంతా ఎగతాళికి పనికొచ్చేది.

డిసెంబరు దాకా ఆగడం నా వల్ల కాదు. ఈస్టరుకి మిషను వేసుకుని వస్తున్నా. ఆ గురజాల వాడు పాడుచేసిన చొక్కాలన్నీ విప్పించి ఉంచు, జక్కయ్య బొడ్డు ముందు కప్పుదాం. కృపమ్మని చాప పరవమను. నా టోపీ ఉతికి ఆరెయ్యి, గోవా మట్టితో పెట్టుకోలేను.

ఈ ఉత్తరం కూడా ఖాతూన్ చేతికే ఇస్తున్నా, పోస్టులో వెయ్యమని. మడత మీద జానెడు ఖాళీ వదిలా. అంటించమని చెప్పలేదు.

ఖాజా